వరిగింజకు పరిష్కర్తలు

మిర్యాలగూడ ఇంకా రాకముందే రైసుమిల్లులు కనిపిస్తాయి. సాగర్ ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేరు పెట్టారు గాని, ఇక్కడివారికి అది వుత్త ‘కాలువ’. కాలువ వచ్చింది, దాని వెంట వరి వచ్చింది, వరి వెంట మిల్లులు వచ్చాయి. ఆ బస్తాల మధ్య పదినిమిషాలు నిలబడితే వినిపించే మాటలన్నీ సన్నాల గురించే.

సన్నాలలో మహారాణి సాంబ మసూరి. 1986లో బాపట్ల నుంచి బి.పి.టి. 5204 అనే పొడిపేరుతో వెలువడింది. అచ్చంగా మనదేనని మురిసిపోతాం గాని, వంశవృక్షం చూస్తే కోయంబత్తూరు, తైవాను, మలయా మూడూ దానికి పుట్టిళ్ళే! రుచికి, సన్నదనానికి వంకపెట్టేవారు లేరు. వంకలన్నీ పొలంలో వున్నాయి. చేతికి రావడానికి దాదాపు అయిదు నెలలు కావాలి. గాలివానకు ఇట్టే పడిపోతుంది. ఆకుఎండు తెగులుకు లొంగిపోతుంది. ఆ తెగులుకు హైదరాబాదు శాస్త్రజ్ఞులు వొక మందు కనిపెట్టారు, పాత పద్ధతిలోనే సంకరం చేసి. ఆ మెరుగైన సాంబ మసూరి 2008లో వచ్చింది.

ఇప్పుడు వచ్చినది వేరు. 2025 మే 4న కేంద్ర వ్యవసాయమంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ ఢిల్లీలో రెండు వరి వంగడాలను ప్రకటించారు. జన్యుసవరణతో మనదేశంలో తయారైన మొదటి వరి వంగడాలివి. వొకటి రాజేంద్రనగర్ లోని భారత వరి పరిశోధన సంస్థ సాంబ మసూరి నుంచి చేసిన డి.ఆర్.ఆర్. ధాన్ 100, ముద్దుపేరు ‘కమల’. రెండోది ఢిల్లీలోని పూసా సంస్థ వారి డి.ఎస్.టి. రైస్ 1. దాని తల్లి మారుటేరులో పుట్టిన ఎం.టి.యు. 1010, అంటే కాటన్ దొర సన్నాలు. తల్లులిద్దరూ తెలుగు ఆడపడుచులే.

మరి యీ ‘సవరణ’ ఏమిటి? తెలుగు పంతులును గనుక నాకు తెలిసిన దారిలో చెబుతాను. మానవల్లి రామకృష్ణకవిగారు, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వంటి పెద్దలు తాటాకు ప్రతులు ముందు వేసుకొని కావ్యాలను పరిష్కరించారు. ఇతరులు రాసి జొప్పించిన పద్యాలను ప్రక్షిప్తాలంటాం. 2002లో మనదేశంలో అనుమతి పొందిన బి.టి. పత్తి అటువంటిది, మట్టిలో వుండే వొక బాక్టీరియా పద్యాన్ని తెచ్చి పత్తి కావ్యంలో అతికించారు. కమలలో అటువంటి పరాయి పద్యం లేదు. వరిగింజ గ్రంథంలో దాదాపు 40 కోట్ల అక్షరాలున్నాయి. అందులో వొకచోట కొద్ది అక్షరాలను చెరిపారు, అంతే. అయితే పరిష్కర్తలు దిద్దేది తప్పును. వీరు చెరిపినది తప్పు కాదు, మొక్క తన పొదుపుకోసం రాసుకున్న మాట. సైటోకైనిన్ అనే రసం ఎక్కువైతే కంకిలో గింజలు పెరుగుతాయి. దాన్ని విరగగొట్టే ఎంజైము వొకటి వుంది. ఆ ఎంజైమును రాసే జన్యువు నోరు నొక్కారు. పూసా వారు నొక్కిన జన్యువు వేరొకటి; అది పనిచేయకపోతే ఆకు మీద రంధ్రాలు తగ్గుతాయి, నీరు ఆవిరైపోవడం తగ్గుతుంది, వుప్పునేలను తట్టుకునే శక్తి వస్తుంది.

ఈ పనికి వాడిన కత్తెర బాక్టీరియాలదే. తమ మీద పడే వైరసులను తుంచడానికి అవి పెట్టుకున్నదాన్ని 2012లో జెన్నిఫర్ డౌడ్నా, ఇమాన్యుయెల్ షార్పెంటియే మనుషులకు పనికివచ్చేటట్టు చేశారు. 2020లో ఆ యిద్దరు స్త్రీలకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చింది. పరాయి పద్యం జొప్పించనప్పుడు ప్రక్షిప్తాలకు పెట్టిన కట్టుబాట్లు అక్కరలేదని మన ప్రభుత్వం 2022 మార్చి 30న సడలింపు ఇచ్చింది.

లాభం చూడండి. సాంబ మసూరి హెక్టారుకు సగటున 4.5 టన్నులు పండిన చోట కమల 5.37 టన్నులు ఇస్తుందనిన్నీ, కోతకు ఇరవై రోజులు ముందే వస్తుందనిన్నీ సంస్థవారు చెబుతున్నారు. టన్నుల కంటే ఆ ఇరవై రోజులే నన్ను ఆకర్షించాయి. కాలువ చివరి పొలాలున్నవారికి ఇరవై రోజులంటే రెండు మూడు తడులు. 2023లో సాగర్ నిండక ఆయకట్టు రైతులు ఆకాశం వంక చూస్తూ కూర్చున్నారు. మరుసటి సెప్టెంబరు 1న కుండపోతకు కోదాడ మునిగింది, నడిగూడెం మండలంలో ఎడమ కాలువకే గండి పడింది. కమల ప్రకటనలో మునక సంగతి లేదు సుమండీ. అన్నిటికీ వొకే గింజ మందు కాదు.

అనుమానాలూ వున్నాయి. అవి వుత్తవి కావు. పద్యంలో వొక అక్షరం దిద్దితే యతి చెడవచ్చు. చెరపబోయిన అక్షరాల వరుసే మరోచోట వుంటే కత్తెర అక్కడా పడవచ్చు. అందుకే పరిష్కర్త మొత్తం గ్రంథం మళ్ళీ చదవాలి. జన్యుమార్పిడిని వ్యతిరేకించే సంఘాలు యీ ప్రయోగాల లెక్కలను నిలదీశాయి. నిలదీయడం మంచిదే. సగటులు చాలవు. ఏ వూళ్ళో, ఏ నేలలో, ఏ ఏడు ఎంత పండిందో మడి వారీగా అచ్చువేసి జనం ముందు పెట్టాలని నా పట్టుదల. మన పన్నుల డబ్బుతో చేసిన పరిశోధనకు పాఠాంతరాలు దాచిపెట్టే హక్కు ఎవరికీ లేదు.

క్లాసులో ప్రక్షిప్తాల పాఠం చెబుతూ యీ వడ్ల సంగతి ఎత్తితే, కోదాడ వైపు నుంచి వచ్చే పిల్లవాడొకడు మర్నాడు నన్ను వరండాలో ఆపాడు. “సార్, ఆ కమల వడ్లు ఏటేటా కొనాల్నా, మా గుమ్మిలకెల్లి తీసి ఏసుకోవచ్చునా? మా నాయిన అడిగి రమ్మన్నడు.” ఇంత చక్కని ప్రశ్న ఎం.ఏ. పరీక్షలో కూడా నాకు ఎదురుకాలేదు. కమల హైబ్రిడ్ కాదు; దాని గింజ వేస్తే మళ్ళీ కమలే పండుతుంది. దాచిన విత్తనం వేసుకోవడానికీ, ఇరుగుపొరుగుతో మార్చుకోవడానికీ 2001 నాటి చట్టం రైతుకు హక్కిచ్చింది. కాని కత్తెర మీద పేటెంట్లు చాలావరకు విదేశీ సంస్థల చేతిలో వున్నాయి. విత్తనం మనది, కత్తెర కిరాయిది. కిరాయి భారం రైతు నెత్తిన పడదని ప్రభుత్వం కాగితం మీద రాసి చెప్పాలి. ఇదంతా చెప్పి, మీ నాయనగారికి ఇట్లాగే చెప్పు బాబూ అన్నాను.

వాడు కదలలేదు. “మరి మిల్లోల్లు సాంబ మసూరి రేటే ఇస్తరా సార్?” అన్నాడు.

దానికి జవాబు రాజేంద్రనగర్ లో లేదు, మిర్యాలగూడలో వుంది. అక్కడ నాలుగు గింజలు పంటి కింద కొరికి చూస్తారు, మరపట్టి నూక ఎంత పడిందో చూస్తారు, ఆ తరువాతే ధర పలుకుతారు.