పెరట్లో స్వర్గపు పిట్ట

కార్తీకమాసంలో రావులపాలెం వెళ్ళాను, అక్కయ్యగారింటికి. పెరట్లో మామిడిచెట్టు నీడ అరటిమొక్కల మీద పడుతోందని బావగారు చెట్టు బేరం పెట్టి, బయానా కూడా పుచ్చుకున్నారు.

మర్నాడు పొద్దున్నే అక్కయ్య లేపింది. "తమ్ముడూ, చప్పుడు చెయ్యకుండా రా!"

చూద్దును కదా, మామిడికొమ్మ మీద నల్లని జుట్టు, తెల్లని ఒళ్ళు, జానెడు తెల్లతోక! తోక పిగిలిపిట్ట. బరువు 20 గ్రాములుంటుందేమో. రివ్వున లేచి, గాలిలోనే పురుగును పట్టి, తోక రిబ్బనులా ఆడిస్తూ నీడలోకి పోయింది. 1758లో లిన్నేయస్ పండితుడు దీని శాస్త్రీయనామంలో స్వర్గాన్ని చేర్చాడంటే చేర్చడూ మరి!

పక్కనే ఇటుకరంగుది ఇంకొకటి.

"అది పెళ్ళాం కాబోలు," అన్నారు బావగారు.

కాదు, దానికీ పొడుగుతోకే. కుర్ర మగపిట్ట. పూర్తిగా తెల్లబడడానికి కొన్నేళ్ళు పడుతుంది. అంత సొగసుకాడూ వేసవిలో అడవిలో, సాలీడు దారాలు చుట్టిన గూట్లో, ఆడదానితో వంతులు వేసుకుని గుడ్లు పొదుగుతాడు.

ఈ మాట వినగానే అక్కయ్య బావగారివైపు అదోలా చూసింది.

శీతకాలంలో ఇది మన తోటల్లోకి దిగేది పురుగుల కోసమూ, ఈ నీడ కోసమూ.

"సరే, పిట్ట వెళ్ళాకే కొట్టిద్దాం," అన్నారు బావగారు.

"వచ్చే ఏడు మళ్ళీ వస్తుంది కదండీ!"

సాయంత్రం బావగారు బయానా తిరిగి ఇచ్చేశారు.