తాళము వేసి గొళ్ళెము మరువరాదు

పూర్వము మన రైతు రాత్రివేళ కొట్టములోని యెద్దులను తలచుకొని ఉలికిపడి లేచెడివాడు. నేడు ఆ చింత మోటారు సైకిలునకు సంక్రమించినది. తాడేపల్లిగూడెము ఉల్లిపాయల మార్కెట్టునకు వెళ్ళువాడును, ఏలూరు కచేరీలో పనిచూచుకొనువాడును, కొల్లేటి లంకలలో చేపల చెరువునకు కావలియుండువాడును బండిని ఎక్కడనో విడువక తప్పదు. దొంగ వచ్చిన బండి పోవును గాని, అప్పుచేసి కొన్నవానికి వాయిదాలు పోవు.

కావున తాళమును గూర్చి మా యభిప్రాయమును విన్నవించుచున్నాము. బండితో వచ్చు హ్యాండిలు తాళమును తప్పక వేయవలెను. కాని దానినే నమ్మరాదు. హ్యాండిలును బలముగా త్రిప్పినచో అది విరుగును. అంగడిలోని తాళముల జాబితా కొల్లేటి చాంతాడు గాన, రెండింటిని మాత్రము విచారింతము.

డిస్కు తాళము చిన్నది, జేబులో నిముడును. కాని రైతులు వాడు బండ్లలో పెక్కింటికి డ్రమ్ము బ్రేకులే యుండుటచే వానికిది పనికిరాదు. మరియు నిది చక్రమును తిరుగనీయదే గాని, బండిని ఎత్తి ఆటోలో వేసికొనిపోవువారిని ఆపజాలదు.

గొలుసు తాళము బరువైనదైనను రైతునకు తగినది అదియే. సన్నని తీగతాళములు ఇనుము కోయు కత్తెరకు సులభముగా తెగును. లంకె మందము 10 మిల్లీమీటర్లకు తక్కువ కాని గట్టి ఉక్కుగొలుసును కొనవలెను. దానిని వెనుక చక్రముగుండను ఫ్రేముగుండను త్రిప్పి, నేలకు తగులకుండ బిగించవలెను. నేల ఆనిక దొరికినచో సుత్తిదెబ్బకు బలము హెచ్చును. కొల్లేటి తేమకు తాళము తుప్పుపట్టకుండ నెలకొకమారు కుట్టుమిషను నూనె వేయుట మంచిది.

అయితే, మేము గ్రామములు తిరుగునపుడు చూచుచున్న దేమనగా, మంచి గొలుసును కొన్నవారు సైతము దానిని చక్రమునకు చుట్టి వెళ్ళిపోవుచున్నారు. కదలని వస్తువునకు కట్టని గొలుసు బండితో కూడ పోవును. కట్టుదమన్నను చెరువుగట్టున వెదురుకర్ర తప్ప వేరేమున్నది? దానిని పసివాడైనను పెరుకగలడు. తాళము వేసితిని, గొళ్ళెము మరచితిని అన్న సామెత ఇట్టిదే.

కావున ప్రతి సహకార సంఘమును తన గిడ్డంగి యెదుట కాంక్రీటులో పాతిన ఇనుపగొట్టపు కమ్మి నొకదానిని నిలుపవలెనని మా సూచన. చేపల రైతులు కలసి తమ కావలి పాకలయొద్ద అట్టిదానినే నిలుపుకొనవచ్చును. ఎరువులును అప్పులును ఇచ్చుటయే సంఘము పనియని కొందరందురు. కాని అప్పు తీర్చవలసిన రైతు బండి పోగొట్టుకొన్న, సంఘపు బాకీయు నిలిచిపోవునుగదా. ఒక గొట్టము, కొంత సిమెంటు: ఒక బండి వెలముందు ఇదెంత?

1988 నాటి మోటారు వాహనముల చట్టము నిర్బంధించు థర్డుపార్టీ బీమా దొంగతనమున జరిగిన నష్టమును తీర్చదను సంగతియు సభ్యులు మరువరాదు. దొంగలు పడిన ఆరునెలలకు మొరుగుటకంటె, రాబోవు సర్వసభ్య సమావేశముననే ఈ విషయమును తీర్మానించుట మేలు.