ఆ మెసేజ్ మీకొస్తే ఏం చేస్తారు? లోన్ యాప్‌ల బలమంతా మన కాంటాక్ట్ లిస్టే

చోడవరం: పోయిన రంజాన్‌కు కొద్ది రోజుల ముందు సంగతి. ఇషా నమాజ్ చదివి వచ్చిన మా అబ్బా తన ఫోన్ నా చేతిలో పెట్టి "ఇదేంటో చూడు బేటా" అన్నారు. తెలియని నంబరు నుంచి వాట్సాప్ మెసేజ్. మా వీధి కుర్రాడి ఫోటో, దాని కింద 'దొంగ' అని పెద్ద అక్షరాలు. ఇతను తీసుకున్న అప్పుకి మీరు హామీ ఉన్నారు, మీరే కట్టాలి అని ఇంకో లైను. అబ్బా ఎవరికీ హామీ ఇవ్వలేదు. ఆ కుర్రాడి ఫోన్లో ఆయన నంబరు ఉంది, అంతే.

ఆ రాత్రి అదే మెసేజ్ మా మొహల్లాలో చాలామందికి వెళ్లింది. మర్నాటి నుంచి ఆ కుర్రాడు మసీదుకి రావడం మానేశాడు.

బీకాం చదివిన అలవాటు కొద్దీ నేను ముందు లెక్క అడిగాను. యాప్‌లో చూపించిన లోన్ 5,000. ప్రాసెసింగ్ ఫీజు అనీ జీఎస్టీ అనీ 2,000 కోసేసి ఖాతాలో వేసింది 3,000. ఏడో రోజుకి 5,000 కట్టాలి. అంటే 3,000 రూపాయలకి వారానికి 2,000 వడ్డీ, దాదాపు 67 శాతం. చక్రవడ్డీ లేకుండా చూసినా ఏడాదికి 3,400 శాతం దాటుతుంది. మన ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. నూటికి పది అంటే అమ్మో అంటాం, అది కూడా 120 శాతమే. ఏడో రోజున కట్టలేకపోతే ఆ యాప్ వాళ్లే ఇంకో యాప్ లింకు పంపుతారు. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు. కుర్రాడు అలా నాలుగు యాప్‌ల దాకా వెళ్లాడు.

ఇది కొత్త కథ కాదు

2020 డిసెంబరులో తెలంగాణలో వరుస ఆత్మహత్యలతో ఈ యాప్‌ల సంగతి బయటపడింది. హైదరాబాద్, గురుగ్రామ్‌లలో కాల్ సెంటర్లు పెట్టి తిట్టడానికి, బెదిరించడానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకున్నారని పోలీసులు తేల్చారు. ఆ నెల 23న రిజర్వ్ బ్యాంక్ ప్రజల్ని హెచ్చరించింది. 2021 జనవరిలో ఒక వర్కింగ్ గ్రూపు వేసింది. ఆ గ్రూపు చూసిన సుమారు 1,100 లోన్ యాప్‌లలో 600 దాకా అక్రమమైనవే.

2022 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలో ఇద్దరు చిన్నపిల్లల్ని వదిలేసి భార్యాభర్తలు ప్రాణాలు తీసుకున్నారు. 2024 డిసెంబరులో మన విశాఖలోనే, పెళ్లయి రెండు నెలలు కూడా నిండని యువకుడు చనిపోయాడు. కట్టాల్సిన బాకీ 2,000 రూపాయలు మాత్రమే. భార్య ఫోటోని మార్ఫింగ్ చేసి బంధువులకు, స్నేహితులకు పంపారు.

2010లో ఉమ్మడి రాష్ట్రంలో మైక్రో ఫైనాన్స్ గొడవ పెద్దలకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు ఏజెంటు గుమ్మం ముందు కూర్చునేవాడు. అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, వసూళ్లు ఇంటి దగ్గర కాదు, పంచాయతీ ఆఫీసు దగ్గరో కలెక్టర్ చెప్పిన చోటో జరగాలంది. ఇప్పటి ఏజెంటుకి గుమ్మం అక్కర్లేదు. అతను జేబులోనే ఉన్నాడు. మన ఊరు ఎక్కడుందో కూడా అతనికి తెలియక్కర్లేదు, మన కాంటాక్ట్ లిస్టు ఉంటే చాలు.

రూల్స్ ఏం చెబుతున్నాయి

2022 సెప్టెంబరు 2న రిజర్వ్ బ్యాంక్ డిజిటల్ లోన్లకు రూల్స్ పెట్టింది, 2025 మేలో వాటిని మళ్లీ ఒకచోట చేర్చింది. వాటి ప్రకారం లోన్ యాప్ మీ కాంటాక్టులు, కాల్ లిస్టు, ఫోటోల జోలికి వెళ్లకూడదు. ఇచ్చేది బ్యాంకో, రిజర్వ్ బ్యాంక్ దగ్గర రిజిస్టరైన ఫైనాన్స్ కంపెనీయో అయి ఉండాలి. డబ్బు దాని ఖాతా నుంచి నేరుగా మీ ఖాతాలోకి రావాలి. మొత్తం ఖర్చు ఏడాదికి ఎంత శాతమో ముందే రాసివ్వాలి. తీసుకున్నాక వద్దనుకుంటే కనీసం ఒక రోజు గడువుంటుంది, అసలు, ఆ రోజుకి పడిన వడ్డీ కట్టేసి జరిమానా లేకుండా బయటపడొచ్చు. వసూలు కోసం ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు.

కాబట్టి యాప్ కాంటాక్టులు అడిగిందంటే అక్కడే ఆగిపోండి. సక్రమంగా నడిచే కంపెనీకి వాటితో పని లేదు. 2025 జూలై 1 నుంచి రిజర్వ్ బ్యాంక్ వెబ్‌సైట్‌లో లోన్ యాప్‌ల జాబితా ఉంది. అయితే అందులోని వివరాలు కంపెనీలు ఇచ్చినవే. అందుకని ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో కూడా యాప్ పేరు సరిచూసుకోండి. లోన్ ఇవ్వడానికి ముందే ఫీజు కట్టమంటే అది లోనే కాదు, మోసం.

ఒక తేడా గమనించాలి. సక్రమమైన కంపెనీ దగ్గర తీసుకున్నది బాకీయే, కట్టాలి. కష్టంగా ఉంటే గడువు అడగండి. సిబ్బంది వేధిస్తే ముందు ఆ కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో తేలకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. అక్రమ యాప్ సంగతి వేరు. అతను కోర్టుకెక్కలేడు, చూపించడానికి చట్టబద్ధమైన కాగితమే ఉండదు. రోజుకో యూపీఐ ఐడీకి డబ్బు పంపుతూ పోతే వేధింపు ఆగదు, వీళ్ల దగ్గర ఇంకా పిండొచ్చని అర్థం చేసుకుంటాడు. చేతికొచ్చింది ఎంత, కట్టింది ఎంత అనే లెక్క కాగితం మీద రాసి పోలీసుల ముందు పెట్టండి.

మెసేజ్ అందుకున్నవాళ్ల పని

మనలో అప్పు తీసుకునేవాళ్ల కంటే ఇలాంటి మెసేజ్ అందుకునేవాళ్లే ఎక్కువ. అసలు విషయం ఇక్కడే ఉంది. ఏజెంటు దగ్గరున్న ఆయుధం ఒక్కటే, పరువు. దాన్ని పేల్చేది మాత్రం మనం. మనం నమ్మితే, నవ్వితే, ఇంకో గ్రూపులో వేస్తే, పెళ్లిలో గుసగుసలాడితే అతని పని పూర్తవుతుంది. మనం పట్టించుకోకపోతే అతని చేతిలో ఏమీ మిగలదు.

మెసేజ్ వస్తే ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు. ఆడవాళ్ల ఫోటో అయితే అసలే వద్దు, అసభ్య చిత్రాన్ని పంచడం కూడా ఐటీ చట్టం 67 కింద నేరం. నంబరు, తేదీ, టైము కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి, నంబరు బ్లాక్ చేయండి. ఆ మనిషికి ఫోన్ చేసి "ఇది నాకూ వచ్చింది, నేను నమ్మలేదు, సాక్ష్యం నా దగ్గరుంది" అని చెప్పండి. మీ స్క్రీన్‌షాట్ అతని కేసుకి బలం.

బాధితులు యాప్ తీసేసే ముందు లోన్ వివరాలు, కట్టిన రసీదులు, కాల్స్, మెసేజ్‌లు భద్రం చేసుకోవాలి. డబ్బు మోసం జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. వేధింపులపై జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ, దగ్గర్లోని స్టేషన్‌లో గానీ ఫిర్యాదు ఇవ్వొచ్చు. భారతీయ న్యాయ సంహితలో బెదిరించి డబ్బు గుంజడం సెక్షన్ 308 కిందికి, బెదిరింపులు 351 కిందికి వస్తాయి. మనసు బాగా కుంగిపోతే టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు.

మన ఇళ్లలో ఇంకో చిక్కు

మన కుటుంబాల్లో అప్పు సిగ్గుకి వడ్డీ గునాహ్ కూడా తోడవుతుంది. "సూద్ మీద తెచ్చావా?" అని ఇంట్లో తిడతారని పిల్లలు నోరు విప్పరు. ఆ కుర్రాడూ అమ్మీకి చెప్పలేదు. చెప్పి ఉంటే మొదటి 3,000 దగ్గరే ఆగేది. వడ్డీ హరామ్ అని చెప్పాల్సిందే, కాదనను. కానీ ఖుర్‌ఆన్‌లోని అతి పెద్ద ఆయత్ అప్పుని కాగితం మీద రాసుకోమనే చెబుతుంది. జకాత్ అందుకోదగిన ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో కూరుకుపోయినవాళ్లు ఒకరు. అంటే అప్పులపాలైనవాణ్ణి దూరం పెట్టమని కాదు, ఆదుకోమనే కదా. చెరకు డబ్బు లేటైనా, ఆటో రిపేరుకొచ్చినా మూడు నాలుగు వేలు ఖర్జె హసనాగా ఇచ్చే ఏర్పాటు మసీదు కమిటీల దగ్గర ఉంటే, అర్ధరాత్రి ఫోన్లో లోన్ వెతికే అవసరం చాలామందికి రాదు.

అబ్బా ఆ రాత్రే కుర్రాడి ఇంటికి వెళ్లారు. తలుపు తీయడానికి చాలాసేపు పట్టింది. మర్నాడు స్టేషన్‌కి ముగ్గురం వెళ్లాం, అప్పటికి మొహల్లా వాళ్లు పంపిన పదకొండు స్క్రీన్‌షాట్లు నా ఫోన్లో ఉన్నాయి. ఏజెంట్ల ఫోన్లు ఇంకో రెండు వారాలు వస్తూనే ఉన్నాయి, ఎవరూ ఎత్తలేదు. మూడో జుమాకి కుర్రాడు మసీదుకి వచ్చాడు. ఎవరూ ఏమీ అడగలేదు.