కమాను కట్టలు

పోయిన నెల మాటిచ్చిన ఊరగాయ కబుర్లు వచ్చే నెలకి వాయిదా వేస్తున్నాను. ఈ నెల కారు గురించి రాస్తాను. "మాకెందుకమ్మా కార్ల గోల" అని మూసేయకండి. గరాజు తాళం తన దగ్గరే పెట్టుకుని తిరిగే మనిషి మీ ఇంట్లోనూ ఉంటే ఈ కబుర్లు పనికొస్తాయి.

మా ఆయన రెండేళ్ల క్రితం ఒక పాత కారు కొన్నారు. 1972 నాటి వాలియంట్ చార్జర్. రెండు తలుపులు, పొడుగాటి ముక్కు, వెనక్కి జారే కప్పు. క్రైస్లర్ వాళ్లు దీన్ని మా అడిలైడ్‌లోనే, టాన్స్లీ పార్క్ ఫ్యాక్టరీలో తయారు చేశారు. 1971లో వచ్చిన ఏడాదే వీల్స్ పత్రిక దానికి కార్ ఆఫ్ ద ఇయర్ ఇచ్చింది. ఆ రోజుల్లో టీవీ ప్రకటనలో రోడ్డు పక్కన జనం రెండు వేళ్లు చూపించి "హే చార్జర్" అని అరిచేవారట. ఇప్పటికీ మేం సిగ్నల్ దగ్గర ఆగితే డెబ్బై ఏళ్ల పెద్దమనిషి ఎవరో ఒకరు రెండు వేళ్లు ఎత్తి అలాగే అరుస్తారు. ఆ పూట మా ఆయన ముఖం చూడాలి!

ఆ ఫ్యాక్టరీని 1980లో మిత్సుబిషి కొంది, 2008లో మూసేశారు. ఎలిజబెత్‌లో హోల్డెన్ ఫ్యాక్టరీ 2017 అక్టోబర్ 20న మూతపడటంతో ఈ దేశంలో కార్ల తయారీయే ఆగిపోయింది. టాన్స్లీలో ఇప్పుడు ఫ్లిండర్స్ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది. మా అమ్మాయి అక్కడే ఇంజనీరింగ్ చదువుతోంది. నాన్న కొన్న కారు పుట్టినచోటే కూతురు చదువుకుంటోందని మా ఆయన వచ్చిన వాళ్లందరికీ చెప్పి మురిసిపోతారు.

ఇక అసలు విషయం. మా ఆయనకి వెనక చక్రాలు లావుగా ఉండాలని సరదా. ఒక టైర్ల షాపులో "భేషుగ్గా పడతాయి" అంటే వెడల్పాటి చక్రాలు, టైర్లు వేయించారు. కారు ఖాళీగా నిలబడి ఉంటే నిజంగానే భేషుగ్గా ఉంది. వెనక సీట్లో ఇద్దరు కూర్చుంటే మాత్రం గతుకు వచ్చినప్పుడల్లా గర్ర్‌మని చప్పుడు. "పాత కారు కదా, మాట్లాడుతుంది" అనేవారాయన.

ఫిబ్రవరిలో మా అమ్మానాన్న విజయవాడ నుంచి వచ్చారు. ఒక ఆదివారం ఓక్‌లాండ్స్ పార్క్ గణేశుడి గుడికి చార్జర్‌లో బయల్దేరాం. ఆ కారు చూసి అమ్మ "నేను వంగి ఎక్కలేను, మీరు వెళ్లి రండి" అని ఇంట్లోనే ఉండిపోయింది. నాన్న ముందు సీట్లో, నేనూ అమ్మాయీ వెనక. రెండో స్పీడ్ బ్రేకర్ దాటగానే గర్ర్ మంది. నాన్న తల తిప్పకుండానే, "అల్లుడుగారూ, కాస్త పక్కకి ఆపండి" అన్నారు.

పట్టుపంచె మోకాళ్ల దాకా ఎత్తి కట్టుకుని వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నారు. మడ్‌గార్డు లోపలి అంచు మీద వేలు పోనిచ్చారు. రంగు పోయి రేకు తళతళ మెరుస్తోంది. టైరు భుజం మీద చుట్టూ కత్తితో గీసినట్టు ఒక గీత.

"ఇది ఎన్నాళ్లనుంచి?"

"ఆరేడు నెలలు మావయ్యగారూ. వెనక ఎత్తు కొంచెం పెంచేస్తే సరిపోతుంది. పొడుగు షాకిల్స్ ఆర్డర్ పెట్టాను."

"ఈ గీత ఇంకాస్త లోతైతే టైరు పేలుతుంది. మీరు నూరు మీద పోతున్నప్పుడు పేలుతుంది. వెనక కూర్చునేది నా మనవరాలు."

గుడికి వెళ్లాం. వెళ్లింది మాత్రం నడిచి.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లు కమాను కట్టల పని చేశారు. లారీ వెనక ఇరుసు మీద ఒకదానిమీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు ఉంటాయే, అవే కమాను కట్టలు. బరువుకి వంపు పోయిన పట్టీని దాకలి మీద పెట్టి, చల్లగా ఉండగానే సుత్తితో కొట్టి మళ్లీ వంపు తెచ్చేవారు. గ్యాసు మంట పెట్టి వంచితే త్వరగా వంగుతుంది, కానీ ఉక్కు పదును పోతుంది, మళ్లీ నాలుగు ట్రిప్పులకే కుంగుతుంది అనేవారు. సాయంత్రం ఇంటికి వస్తే చొక్కాకి గ్రీజు, చేతులకి కిరోసిన్ వాసన. పదో తరగతి ఫారంలో తండ్రి వృత్తి అన్నచోట నేను "బిజినెస్" అని రాశాను. పెళ్లిచూపుల్లో అదే చెప్పించాను. ఇక్కడ స్నేహితులకీ అదే. మొన్న నాన్న వీసా ఫారం నింపినప్పుడూ అదే రాశాను. మా ఆయనకి నిజం తెలుసు. పెళ్లయ్యాక చెప్పాను. కానీ మా అమ్మాయికి ఎప్పుడూ వివరంగా చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే తాతామనవరాళ్లు గరాజులో చేరారు. నేను కాఫీలు పట్టుకెళ్లేసరికి కారు వెనక భాగం స్టాండ్ల మీద ఉంది. నాన్న చెబుతుంటే అమ్మాయి జాకీతో ఇరుసుని మెల్లగా పైకి లేపుతోంది.

"నిలబడి ఉన్నప్పుడు సందు ఎంతుందని కాదమ్మా చూడాల్సింది. పూర్తిగా కుంగినప్పుడు టైరు ఎక్కడికి వస్తుందో చూడాలి. పొడుగు షాకిల్ వేస్తే ఎత్తు పెరుగుతుంది, నిజమే. కానీ పెద్ద గుంట వస్తే ఇరుసు మళ్లీ ఇక్కడిదాకా రావాల్సిందే. రాపిడి తప్పదు, వాయిదా పడుతుందంతే."

నా చేతిలో కాఫీ కప్పుతో అలాగే నిలబడిపోయాను. ఇంట్లో ఎన్ని గొడవలకి నేను పొడుగు షాకిల్ వేసి ఊరుకున్నానో గుర్తొచ్చింది!

ఆ షాకిల్ సంగతి ఇంకా చెప్పారు. అది కమాను వెనక చివర మాత్రమే ఉంటుంది, ఇరుసేమో ఇంచుమించు మధ్యలో. అందుకని 50 మిల్లీమీటర్లు పొడుగు పెంచితే కారు లేచేది 25 మాత్రమే. పైగా పొడుగైనకొద్దీ మలుపుల్లో కారు వెనకభాగం పక్కకి ఊగుతుంది. ఇరుసు కోణం మారి ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లు అరుగుతాయి. వెనక లేచి ముక్కు వంగితే హైవే మీద స్టీరింగ్ నిలకడగా ఉండదు. "పోనీ గాలి కొట్టే షాకబ్జార్బర్లు వేస్తే?" అని మా ఆయన అడిగారు. "ఊపు ఆపడం వాటి పని. బండి బరువు వాటిమీద వేస్తే వాటిని బిగించిన చోట రేకు చీలుతుంది" అన్నారు నాన్న.

అమ్మాయి టేపు పట్టుకుని కొలిచింది. రెండు జబ్బులు బయటపడ్డాయి. చక్రం బయటివైపు అసలు సందు లేదు, లోపలివైపు కమానుకీ టైరుకీ మధ్య బోలెడు ఖాళీ ఉంది. అంటే వెడల్పు కంటే ముందు తప్పు చక్రం కూర్చున్న చోటుది. దాన్నే ఆఫ్‌సెట్ అంటారట. రెండోది, యాభై ఏళ్లకి కమాన్లు కుంగిపోయాయి. కుడివైపు మరీ 15 మిల్లీమీటర్లు ఎక్కువ దిగింది.

"కుంగిన కట్టని దాని అసలు ఎత్తుకి తేవాలి. చక్రం లోపలికి జరగాలి. టైరు ఒక సైజు తగ్గాలి. అప్పుడు ఎత్తు పెంచమని ఎవరూ అడగరు" అని నాన్న తీర్పు చెప్పారు.

ఇక్కడి రూల్సూ దాదాపు ఇదే మాట చెబుతాయి. దేశమంతటికీ ఒక మార్పుచేర్పుల నియమావళి ఉంది. దాని ప్రకారం టైరు బాడీ అంచు దాటి బయటికి రాకూడదు, చక్రాల మధ్య దూరం కంపెనీ ఇచ్చినదానికంటే 25 మిల్లీమీటర్లకి మించి పెరగకూడదు. ఎత్తు మార్చడానికి ఇంజనీరు సర్టిఫికెట్ ఎప్పుడు కావాలన్నది రాష్ట్రాన్నిబట్టి ఉంటుంది. సామాను కొనకముందే అడగండి. ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పండి.

కమాన్లు విప్పి ఊరి చివర ఉన్న ఒక స్ప్రింగ్ వర్క్స్‌కి తీసుకెళ్లాం. లోపలికి అడుగుపెట్టగానే అదే వాసన. ఇనుము, నూనె, చెమట. నాకు ఎనిమిదేళ్ల వయసు తిరిగొచ్చింది. చేతిలో కేరియర్, ఆటోనగర్ వీధి.

షాపు యజమాని నెరిసిన గడ్డం మనిషి. నాన్న ఒక పట్టీని వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. ఇంకొకటి పక్కన పెట్టి, సన్నటి పగులు చూపించారు. ఆయన కళ్లజోడు తీసి చూసి, నావైపు తిరిగి, "మీ నాన్నగారు ఏం చేసేవారు?" అని అడిగాడు.

మా ఆయన నాకేసి చూశారు. అమ్మాయీ చూసింది. నా నోటిదాకా ఆ పాత మాట వచ్చింది.

"లారీలకి కమాన్లు కట్టేవారు. నలభై ఏళ్లు. తన చేతుల్తో" అన్నాను.

ఆయన గ్లవ్ తీసి నాన్నకి చెయ్యి అందించాడు. తర్వాత గంటసేపు ఇద్దరికీ నా అనువాదంతో పనిలేకపోయింది. ఒకరు వేలితో చూపిస్తే రెండోవారు తల ఊపేవారు. పగిలిన పట్టీ మార్చి, మిగిలినవాటికి వంపు తెచ్చి, రెండువైపులా సమానం చేశారు.

తిరిగొచ్చేటప్పుడు నాన్న ముందు సీట్లోంచి, "బిజినెస్ అని చెప్పలేదేం?" అన్నారు.

నా గుండె ఆగినంత పనైంది. "నీకెలా తెలుసు నాన్నా?"

"నీ పదో తరగతి ఫారం మీద సంతకం పెట్టింది నేనే కదమ్మా."

కోపం లేదు ఆ గొంతులో. అదే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది. నా దగ్గర జవాబు లేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఇక్కడ రోడ్లు బాగున్నాయి, కట్టలు చాలాకాలం వస్తాయి" అన్నారు. నేను వెనకనుంచి ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఇల్లు వచ్చేదాకా తియ్యలేదు.

తర్వాతి వారం సరైన ఆఫ్‌సెట్ చక్రాలు, ఒక సైజు తగ్గిన టైర్లు వచ్చాయి. కొత్త యూ బోల్టులు వేశారు. పాతవి ఒకసారి సాగాక మళ్లీ వాడకూడదట. బ్రేకు గొట్టం ఎక్కడా లాగడం లేదని, షాకబ్జార్బర్ పొడుగు చాలిందని చూశారు. వెనక లేచింది కాబట్టి హెడ్‌లైట్లు మళ్లీ సరిచేయించారు. ఆదివారం మళ్లీ నేనూ అమ్మాయీ వెనక కూర్చున్నాం. అదే స్పీడ్ బ్రేకర్. చప్పుడు లేదు. గుడి దాకా కారులోనే వెళ్లాం.

నాన్నావాళ్లు వెళ్లి నెలన్నర అయింది. మా అమ్మాయి తన ప్రాజెక్టుకి కమాను పట్టీల అలసట అనే అంశం తీసుకుంది. వాట్సాప్‌లో రోజూ తాతయ్యకి ప్రశ్నలే. నిన్న ఫోన్ నా చేతికొచ్చింది. అమ్మ కాకరకాయ పులుసు గురించి, పక్కింటివాళ్ల గృహప్రవేశం గురించి చెప్పింది. నాన్న మాత్రం ఒక్కటే అడిగారు.

"అయిదొందల కిలోమీటర్లు దాటాయా? యూ బోల్టులు మళ్లీ బిగించారా?"

బిగించలేదు. ఈ శనివారం నేనే బిగిస్తాను.