పడుకున్న రాళ్లు

హనుమకొండ వేయి స్తంభాల గుడి అనగానే నాకు గుర్తొచ్చేది స్తంభాలు కాదు, నేలమీద పడుకోబెట్టిన రాళ్లు, ఒక్కో దాని మీద వేసిన అంకె. కుంగిపోయిన కల్యాణ మండపాన్ని 2006లో విప్పారు. మళ్లీ నిలబెట్టి జనాన్ని రానిచ్చింది 2024 మార్చిలో. ఇన్నేళ్లా అని అందరూ తిట్టారు, నేనూ ఓ చెయ్యి వేశాను. ఇప్పుడు మాత్రం నా బాధ ఆలస్యం గురించి కాదు. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడి ఎనిమిదిన్నర శతాబ్దాల తర్వాత కడుపు విప్పి చూపిస్తే, మనం కొబ్బరికాయ కొట్టుకుని పక్కనుంచి నడిచిపోయాం. నిలబడ్డ స్తంభంలో నునుపే కనిపిస్తుంది. ఫోటో దిగుతాం, వస్తాం. పడుకున్న రాయి అలా కాదు. ఏ రాయి దేనిమీద కూర్చుంటుందో, ఎవరి కంటా పడని ముఖాన్ని శిల్పి ఎంత గరుకుగా వదిలేశాడో (పాపం, వాడికీ తొందరే ఉండి ఉంటుంది) అదే చెబుతుంది. పునాదికి గొయ్యి తవ్వి, ఇసుక నింపి, దానిమీద అంత బరువు మోపడం పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యం. గోతి అంచున నిలబడి తొంగిచూసిన పిల్లకి జన్మంతా సరిపోయే పాఠం. మనమేమో పనయ్యేదాకా రేకులు అడ్డం పెట్టి, అయ్యాక రిబ్బన్ కత్తిరిస్తాం. రామప్ప గుడి పక్కన కామేశ్వరాలయాన్నీ ఇలాగే రాయీ రాయీ విప్పారు. ఆ రాళ్లన్నీ మళ్లీ గుడి అయిపోకముందే మా మనవణ్ని వెంటబెట్టుకెళ్లాలి. వాడు అంకెలు ఇప్పుడిప్పుడే చదువుతున్నాడు.