నిండని తొట్టె

మా శృంగవరపుకోటలో గృహస్థులు గొప్పగా చెప్పుకొను మాట యొకటి కలదు: “మా సెప్టిక్ ట్యాంకు కట్టి యిరువది యేండ్లైనది, ఒక్కమారైనను తీయింపవలసిన పని రాలేదు.” వినువారు తాపీమేస్త్రీని మెచ్చుకొందురు. నాకు మాత్రము ఆ మాట విన్నప్పుడెల్ల ఆ యింటి నూతివైపు చూడ బుద్ధి పుట్టును. నిండవలసిన తొట్టె నిండలేదనగా అందులో పడినది మాయమైనదని కాదు. మఱియొక చోటికి పోయినదని యర్థము.

సెప్టిక్ అను మాటకు మూలమైన గ్రీకుపదమునకు కుళ్ళించునది యని యర్థము. 1881లో ఫ్రాన్సుదేశస్థుడు మూరాస్ పేటెంటు పొందిన పెట్టెయు, 1895లో ఇంగ్లండునందలి ఎక్సిటరులో డొనాల్డ్ కామెరాన్ కట్టిన తొట్టెయు చేసిన పని యదియే. గోడలనుండి గాని అడుగునుండి గాని నీరు కారని తొట్టెలో మురుగు ఒకటి రెండు దినములు నిలిచినచో, బరువైనది మడ్డియై అడుగునకు దిగును. జిడ్డు తెట్టెగట్టి పైకి తేలును. గాలి తగులనిచోట బ్రదుకు సూక్ష్మజీవులు ఆ మడ్డిలో కొంతభాగమును వాయువులుగా మార్చును. కొంతభాగమునే సుమా! మిగిలినది పేరుకొనుచునే యుండును. నడిమి నీరు గొట్టముగుండ బయటికి పోవును. అది తేటగా కన్పట్టినను రోగక్రిములు అందు నిండియే యుండును. తొట్టె చేయునది సగము పని. తక్కిన సగము నేల చేయవలెను. ఇంకుడుగుంట చుట్టునున్న మట్టి ఆ క్రిములను వడగట్టి నిలుపును. నైట్రేటు మాత్రము ఆ వడపోతకు లొంగక భూజలమున చేరును. అందుచేతనే ఇంకుడుగుంటకును త్రాగునీటి నూతికిని నడుమ 18 మీటర్లైన నుండవలెనని భారతీయ ప్రమాణములు విధించుచున్నవి.

మనము కట్టుచున్నదేమి? అడుగున సిమెంటు వేయని గొయ్యి. కాదేని, గొట్టమును వీధికాలువలోనికి త్రిప్పిన తొట్టె. మొదటిదానిలోని మురుగు నూతికి, రెండవదానిది పొరుగువాని గుమ్మమునకు! స్థలము చాలదందురు. చిన్న యిండ్లవారి యిబ్బంది నిజమే. నాలుగిండ్లవారు కలిసి యొక గుంట త్రవ్వుకొనవచ్చును. మేడమీద మేడ వేయుటకు చాలిన ధనము తొట్టె యడుగున సిమెంటు వేయుటకు చాలకపోయినదని చెప్పువారికి నేనేమి చెప్పుదును?

మడిబట్ట నెవరును తాకరాదని కేకలువేయు పెద్దలు మడినీళ్ళు తోడుకొనునది ఆ నూతిలోనే. నీటిలో మలమూత్రములు విడువరాదని మనుస్మృతి నాల్గవ యధ్యాయము నిషేధించుచున్నది. వర్ణధర్మమునకు మనువును సాక్షిగా పిలుచువారు ఈ యొక్క విషయమున నాయనను పిలువరేమి? అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తనిని తాటిపూడివద్ద నాపి, ఆ నీటిని విశాఖపట్టణమునకు పంపుచున్నారు. ఆ నీరు చెడినదన్న సభలు చేయుదుము. పెరటి నూతికొఱకు సభ చేసినవారిని నేనెఱుగను.

ఇక నిజముగా నిండు తొట్టె సంగతి. రెండు మూడేండ్లకొకమారు యంత్రపు లారీచే మడ్డి తోడింపవలెను. ఆ ఖర్చును వాయిదావేసి వేసి, మడ్డి గట్టిపడి యంత్రమునకు లొంగనప్పుడు మనుష్యుని దింపుదురు. లోపలి హైడ్రోజన్ సల్ఫైడు మొదట కుళ్ళిన గ్రుడ్డు వాసన వేయును. మోతాదు మించినప్పుడు ఆ వాసన తెలియు శక్తియే ముక్కునకు పోవును. దిగినవాడు పడిపోవును, వానిని రక్షింప దిగినవాడును పడిపోవును. దిగువాని కులమేదో చెప్పనక్కఱలేదు. దింపించువారు మాత్రము అన్ని కులములలోను కలరు, చదువుకొన్నవారును కలరు. రక్షణసాధనములు లేక యిట్లు దింపుటను 2013 నాటి చట్టము నేరముగా నిర్ణయించి, మొదటి తప్పునకే రెండేండ్లవరకు చెఱ గాని రెండు లక్షల రూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని విధించినది. మురుగు శుభ్రముచేయుచు మరణించినవారి కుటుంబములకిచ్చు పరిహారమును సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 20న 10 లక్షలనుండి 30 లక్షలకు పెంచినది. లారీని పిలిచిన నగు ఖర్చెంతయో గృహస్థులే లెక్కచూచుకొనవచ్చును.

లారీ వచ్చినను మన పని తీరలేదు. అది తోడుకొనిపోయిన మడ్డిని తిన్నగా గెడ్డలో కుమ్మరించినచో, మన పెరటి రోగమును దిగువ పల్లెలకు పంపినవారమగుదుము. దానిని ఆరబెట్టి శుద్ధిచేయుటకు ప్రత్యేకస్థలము కావలెను. కావున పాఠకులారా, రాబోవు గ్రామసభలో వీధిదీపముల మాట ముగిసిన పిమ్మట లేచి యీ ప్రశ్న నడుగుడు: మన యూరి మడ్డిని లారీవాడు ఎచ్చట పోయుచున్నాడు?