డిజైన్ లీడ్‌ని ఎవరు ఎన్నుకున్నారు?

ఓపెన్ సోర్స్‌లో కులం లేదు, అక్కడ కోడ్ ఒక్కటే మాట్లాడుతుంది అన్న మాట మన క్యాంపస్‌లలో తరచూ వినిపిస్తుంది. కోడ్ సంగతి కాసేపు పక్కన పెడదాం. అది నడుస్తుందో లేదో యంత్రమే చెబుతుంది. డిజైన్‌కి అలాంటి పరీక్ష లేదు. ఏ బటన్ ఎక్కడ ఉండాలి, అక్షరం ఎంత పెద్దగా కనపడాలి, తెర తెరవగానే ఏ భాష పలకరించాలి అనేవి చివరికి ఎవరో ఒకరి అభిరుచి మీద తేలే విషయాలు. అభిరుచి ఎవరి ఇళ్లలో పెరుగుతుందో, ఎవరిది ‘నాటు’ అనిపించుకుంటుందో ఈ పోర్టల్ పాఠకులకి నేను చెప్పనక్కర్లేదు. అందుకే వాలంటీర్ ప్రాజెక్టులో డిజైన్ నాయకత్వం ఎవరికివ్వాలన్నది ముందుగా ప్రాతినిధ్యం ప్రశ్న.

సూరత్ సంగతే తీసుకోండి. వరంగల్, నల్గొండ, కరీంనగర్ నుంచి మగ్గాలు వదిలి వలస వెళ్లిన పద్మశాలీలు, ఇతర బహుజన కులాల వాళ్లు లింబాయత్ వైపు పవర్‌లూమ్‌ల మధ్య బతుకుతున్నారు. వాళ్ల పిల్లల కోసం సూరత్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు నడుపుతోంది. ఆ పిల్లలు చదువుకునేందుకు ఒక ఉచిత యాప్ చేద్దామని ఒక వాలంటీర్ బృందం పూనుకుంది. మంచి ఆలోచన. మీటింగులు మాత్రం తాపీ నదికి అవతల, అడాజన్‌లో, ఒక అపార్ట్‌మెంట్ హాల్లో, ఆదివారాలు. ఫీల్డ్‌వర్క్ కోసం అక్కడున్న నేను రెండు మీటింగులకి వెళ్లాను.

డిజైన్ లీడ్ ఎంపిక పది నిమిషాల్లో అయిపోయింది. ‘పోర్ట్‌ఫోలియో ఉన్నవాళ్లు చూపించండి’ అన్నారు. లింబాయత్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఎంబ్రాయిడరీ పంచింగ్ చేస్తాడు. అంటే చీర అంచు మీద పువ్వుని కంప్యూటర్‌లో కుట్లుగా మార్చే పని. ఏళ్ల తరబడి చేసిన డిజైన్లన్నీ సేఠ్ కంప్యూటర్‌లో, సేఠ్ పేరు మీద ఉన్నాయి. చూపించడానికి ఒక్కటీ లేదు. పేరున్న డిజైన్ కాలేజీలో చదివిన మరొకతనికి అందమైన వెబ్‌సైట్ ఉంది. తెలుగు చదవడం రాదు. అతనే లీడ్. తర్వాతి వారం తెర మీద లాటిన్ అక్షరాల లెక్కన పంక్తుల మధ్య ఖాళీ పెట్టేసరికి మన ఒత్తులన్నీ కింద తెగిపోయాయి. ‘అమ్మ’ కాస్తా ‘అమ’ అయింది. అందరికంటే ముందు దాన్ని పట్టుకున్నది ఆ పంచింగ్ కుర్రాడే. అతని మాటని ‘ఫీడ్‌బ్యాక్’ అని రాసుకున్నారు. నిర్ణయం మాత్రం లీడ్‌దే.

అక్కడ ఎవరూ ఎవరినీ తిట్టలేదు, కులం పేరు ఎత్తలేదు. చాయ్ కూడా అందరికీ ఒకే రకం కప్పుల్లో ఇచ్చారు. మెరిట్ అంటే పని కాదని, పని మీద హక్కు ఉండటమని ఆ గదిలో ఎవరికీ తట్టలేదు, అంతే.

ఇది ఒక్క గది జబ్బు కాదు. ఈ ప్రపంచంలో పెద్ద ప్రాజెక్టుల అధిపతుల్ని ‘జీవితకాలపు దయగల నియంత’ అని ముద్దుగా పిలుచుకున్నారు. 2010లో ఉబుంటు విండో బటన్లని కుడి నుంచి ఎడమకి మార్చినప్పుడు వాడేవాళ్లు గొడవ చేశారు. ఇది ప్రజాస్వామ్యం కాదని మార్క్ షటిల్‌వర్త్ తేల్చేశాడు. నిజాయితీగా చెప్పాడు, కాదనను. కానీ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో వ్యక్తిపూజ గురించి బాబాసాహెబ్ చేసిన హెచ్చరికని చదివినవాళ్లం, దయగల నియంత అన్న మాటకి నవ్వి ఊరుకోగలమా?

వేరే దారి లేదా అంటే ఉంది. డెబియన్‌కి 1998 నుంచి రాజ్యాంగం ఉంది, ఏటా నాయకుడి ఎన్నిక ఉంది. కొత్త విడుదలకి రూపం కావాలంటే ప్రతిపాదనలు బహిరంగంగా పిలుస్తారు. పైథాన్‌లో 2018లో గీడో వాన్ రోసమ్ తప్పుకున్నాక ఐదుగురి కౌన్సిల్‌ని ఎన్నుకుంటున్నారు. అందులో ఒకే కంపెనీ ఉద్యోగులు ఇద్దరికి మించి ఉండకూడదని నియమం. ఈ నియమం దగ్గర కాస్త ఆగండి. ఐదుగురూ ఒకే కంపెనీ నుంచి వస్తే నిర్ణయం వంకర పోతుందని వాళ్లు ఒప్పుకున్నారు. ఎన్నికకి పరిమితి పెట్టారు. దాన్ని ఎవరూ మెరిట్‌కి అన్యాయం అనలేదు. మరి ఐదుగురూ ఒకే కులం నుంచి వస్తే వంకర పోదా? అప్పుడు మాత్రం పరిమితి అన్న మాట ఎందుకు గొంతులో అడ్డుపడుతుంది?

తెలుగు ఫాంట్లు చూడండి. సిలికానాంధ్ర ద్వారా స్వేచ్ఛా లైసెన్స్‌తో వచ్చి గూగుల్ ఫాంట్స్‌లో చేరిన వరుసలో శ్రీకృష్ణదేవరాయ, పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, సూరన్న, రామభద్ర ఉన్నారు. రాయల ఆస్థానం దాదాపు మొత్తం కొలువు తీరింది. గిడుగు, గురజాడ, సురవరం, ఎన్టీఆర్ కూడా ఉన్నారు. జాషువా లేరు. మొల్ల లేదు. ఆ ఫాంట్లు చేసినవాళ్ల శ్రమ చిన్నది కాదు, నేనూ రోజూ వాడతాను. కానీ పేరు పెట్టడమూ డిజైన్ నిర్ణయమే కదా.

పదిమంది కూర్చుంటే డిజైన్ ఖిచిడీ అవుతుందని అంటారు. నిజమే, తెరకి ఒక చూపు కావాలి, చివరి మాట ఒకరు చెప్పాలి. ఆ ఒక్కరు ఎలా వచ్చారు, ఎంతకాలం ఉంటారు, దింపే హక్కు ఎవరికి ఉంది అన్నదే నా పేచీ. ఏడాది గడువు పెట్టండి. పోర్ట్‌ఫోలియో బదులు అందరికీ ఒకే పని ఇచ్చి చూడండి. వాడేవాళ్లకి, అంటే ఆ బడి పిల్లలకీ టీచర్లకీ, ఎంపికలో ఓటు ఇవ్వండి. పన్నెండు గంటల షిఫ్ట్ చేసేవాడి దగ్గర ‘ఖాళీ సమయం’ ఉండదు కాబట్టి స్టైపెండ్ ఇవ్వండి. అవుట్‌రీచీ లాంటి కార్యక్రమాలు ఆ పని ఏళ్లుగా చేస్తూనే ఉన్నాయి. ముందుగా, వచ్చే మీటింగ్ లింబాయత్‌లో పెట్టండి.